ఇంటికి ఎంత సిమెంటు, ఎంత ఇనుము: ఎఫ్‌డీ తీసే ముందు వేసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: మాది నరసరావుపేట. మా వారూ నేనూ ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయులం. 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న స్థలంలో 25 × 40 కొలతతో, అంటే 1,000 చదరపు అడుగుల్లో, ఒక అంతస్తు ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాం. సరుకు మేమే కొని, పని కూలి ఒప్పందం మీద ఇస్తాం. అన్నీ కలిపి చదరపు అడుగుకు 1,900 చొప్పున 19 లక్షలు అవుతుందని చెప్పి, 380 బస్తాల సిమెంటు, 3 టన్నుల ఇనుము, 12,000 ఇటుకలు పడతాయని మేస్త్రీ చీటీ రాసిచ్చారు. సిమెంటు బస్తా 340, ఇనుము టన్ను 62,000 ఉంది. మొత్తం సరుకుకు ఇప్పుడే డబ్బు కడితే బస్తాకు 10 రూపాయలు, టన్నుకు 1,500 తగ్గిస్తానని దుకాణదారు అంటున్నారు. మా దగ్గర 6.5 శాతం వడ్డీకి 3, 2, 2 లక్షల చొప్పున మూడు ఎఫ్‌డీలు ఉన్నాయి. 14 లక్షలు గృహరుణం తీసుకుందామనుకుంటున్నాం. నెలకు 16,000 వరకు వాయిదా కట్టగలం. ఎఫ్‌డీ తీసి సరుకు కొనేయమంటారా?

జవాబు: ఇప్పుడే తీయవద్దు. దుకాణదారు ఇస్తానన్న తగ్గింపు మొత్తం కలిపి 8,300 రూపాయలు, దానికోసం మీరు ముందుగా కట్టాల్సింది సుమారు 3 లక్షల 7 వేలు. ఇల్లు పూర్తవడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది కాబట్టి, ఆ సరుకును సగటున నాలుగున్నర నెలలు ముందే కొన్నట్టవుతుంది. అన్నాళ్లకు ఆ డబ్బు మీద పోయే వడ్డీ దాదాపు 7,500. గడువుకు ముందే ఎఫ్‌డీ తీస్తే బ్యాంకు కోసుకునేది కూడా కలిపితే, తగ్గింపు వల్ల మీకు మిగిలేది ఏమీ ఉండదు. పైగా 380 బస్తాలు, 3 టన్నులు అన్న అంకెలే సరైనవో కావో మనకు ఇంకా తెలియదు. నిజానికి మీ ప్రశ్నలో అసలు చిక్కు అక్కడే ఉంది.

చదరపు అడుగు ధర మాట్లాడుకోవడానికి తేలిక, కానీ అది మీ ఇంటి లెక్క కాదు, అంతకుముందు కట్టిన మరెవరిదో ఇంటి లెక్క. ధర నెలకోసారి మారవచ్చు. ప్లాను గీసిన తరువాత మాత్రం సరుకు పరిమాణం పెద్దగా మారదు, కాబట్టి ముందు దాన్ని తేల్చుకుంటే ఆ తరువాత ఏ ధర వచ్చినా గుణించి చూసుకోవచ్చు.

స్లాబుతో మొదలుపెడదాం. 1,000 చదరపు అడుగుల స్లాబు 5 అంగుళాల మందం అయితే 417 ఘనపుటడుగులు, అంటే 11.8 ఘనమీటర్ల కాంక్రీటు. ఇళ్లకు సాధారణంగా వాడే ఎం20 కాంక్రీటులో సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్లు ఉంటాయి. ఆ పాళ్లలో ఒక ఘనమీటరుకు 8 బస్తాల సిమెంటు, 0.42 ఘనమీటరు ఇసుక, 0.84 ఘనమీటరు కంకర పడతాయి. ఆ లెక్కన ఒక్క స్లాబుకే దాదాపు 95 బస్తాలు. ఇదే పద్ధతిలో, మీ కొలతకు మామూలుగా వచ్చే 12 పిల్లర్లు, వాటి ఫుటింగులు (పిల్లర్ల కింద వేసే పునాది దిమ్మెలు), ప్లింత్ బీములు (ఇంటి అడుగు మట్టంలో గోడల కింద వచ్చేవి), పై బీములు, లింటెల్ (తలుపులు, కిటికీల పైన వచ్చేది), మెట్లు వేసి చూస్తే మొత్తం కాంక్రీటు 1,150 ఘనపుటడుగుల దాకా వస్తుంది, దానికి 260 బస్తాలు కావాలి. గోడలు కట్టడానికి 45, ప్లాస్టరింగుకు మరో 45, అడుగున పరిచే బెడ్డు కాంక్రీటుకు 42 బస్తాల వరకు అవుతాయి. ఇక్కడికే 392. సంపు, సెప్టిక్ ట్యాంకు, పిట్టగోడ, టైల్స్ కింద పరుపు, కొంత వృథా కలుపుకుంటే 440 బస్తాలకు తగ్గదు. అంటే మేస్త్రీ చీటీ 60 బస్తాలు తక్కువ చూపిస్తోంది. ఆయన మోసం చేశారని నేను అనడం లేదు. ఇంటి నాలుగు గోడల వరకే లెక్కవేసి, బయటి పనులను వదిలేసి ఉంటారు.

ఇనుము విషయంలో కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఈ నాలుగైదు సరుకుల్లో ఎక్కువ డబ్బు పోయేది దానికే. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు ఊచ బరువు కిలోల్లో వస్తుంది. 16 ఎంఎం ఊచ మీటరు 1.58 కిలోలు, 12 ఎంఎం 0.89 కిలో, 8 ఎంఎం 0.395 కిలో. మీ ఇంటి పిల్లరు ఒకదాన్ని తీసుకోండి. 9 × 12 అంగుళాల పిల్లరులో 16 ఎంఎం ఊచలు నాలుగు, 12 ఎంఎం రెండు, ఫుటింగు నుంచి స్లాబు వరకు 16 అడుగుల ఎత్తున నిలబెట్టి, ఆరంగుళాలకు ఒకటి చొప్పున 8 ఎంఎం రింగులు కట్టారనుకుంటే, ఒక్క పిల్లరుకు 53 కిలోలు పడుతుంది. పన్నెండు పిల్లర్లకు సుమారు 640 కిలోలు. స్లాబుకు 930, పై బీములకు 660, ప్లింత్ బీములకు 420, ఫుటింగులకు 325, లింటెల్, మెట్లు, సంపులకు 250 కిలోలు కలిపి, అతుకులకూ తుంటలకూ కొంత చేర్చుకుంటే దాదాపు మూడున్నర టన్నులు. చీటీలో ఉన్నది 3 టన్నులు. మీ నేలను బట్టి, ఇంజనీరు గీసే డ్రాయింగును బట్టి ఇందులో ప్రతి అంకె కొంత అటూఇటూ కావచ్చు. అయినా అర టన్ను తేడాను వదిలేయడం మంచిది కాదు, అది 31,000 రూపాయలు.

ఇదే సూత్రంతో సరుకు దిగినప్పుడు తూకాన్నీ సరిచూసుకోవచ్చు. 12 మీటర్ల పొడవున్న 12 ఎంఎం ఊచ 10.66 కిలోలు ఉండాలి. ప్రమాణాలు కొద్ది శాతం తేడాను అనుమతిస్తాయి. అంతకు మించి తేలికగా ఉంటే, తూకానికి కొన్నా సరే, ఆ ఊచ డ్రాయింగులో రాసినంత బలం ఇవ్వదు. ఊచలు లెక్కపెట్టి, కాటా చీటీతో పోల్చి చూడటానికి పావుగంట చాలు. ఆ పని మేస్త్రీకి వదలకుండా మీలో ఒకరు దగ్గరుండి చేయండి.

ఇటుకల సంఖ్య ఇటుక కొలతను బట్టి ఉంటుంది. మీ గోడలు, తలుపులూ కిటికీలూ తీసేస్తే, 1,010 ఘనపుటడుగుల వరకు వస్తాయి. 9 × 4 × 3 అంగుళాల ఇటుక అయితే వృథాతో కలిపి 12,300 పడతాయి. బట్టీ వాళ్లు అదే ఇటుకను 8.5 × 4 × 2.75గా పోస్తే 14,000 దాకా కావాలి. వెయ్యి ఇటుకల ధర చూసి చిన్న ఇటుక చవకని కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆర్డరు ఇచ్చే ముందు బట్టీ దగ్గర పది ఇటుకలను పొడవుగా ఒక వరసలో పేర్చి టేపు పెట్టండి. 90 అంగుళాలు రావాల్సిన చోట 85 వస్తే, ధరను కూడా ఆ మేరకు తగ్గించి మాట్లాడాలి.

ఇసుక 1,500 ఘనపుటడుగులు, అంటే 15 యూనిట్లు అవసరమవుతుంది. 20 ఎంఎం కంకర 10 యూనిట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఉచిత ఇసుక విధానం ఉంది కనుక మీరు కట్టేది ప్రధానంగా తవ్వకం, లోడింగు, రవాణా ఖర్చులే. అందువల్ల ట్రిప్పులు ఎన్ని అన్నదే ఇక్కడ డబ్బు లెక్క. కొద్దిగా తడిగా ఉన్న ఇసుక ఉబ్బి, పొడి ఇసుక కన్నా 20 నుంచి 30 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. ట్రాక్టరు నిండుగా కనబడినా అందులో ఇసుక అంత ఉండదు.

ఇప్పుడు సిమెంటు ముందే కొనే సంగతి. మూడు నెలలు నిల్వ ఉన్న సిమెంటు తన బలంలో సుమారు ఐదో వంతు కోల్పోతుంది. ఆరు నెలలకు అది 30 శాతం దాకా చేరుతుంది. మా ఇల్లు కట్టినప్పుడు, ధర పెరుగుతుందన్న మాట విని నేను కూడా 60 బస్తాలు ముందే దింపించి, వరండా గోడకు ఆనించి పేర్పించాను. వానాకాలం గడిచి ప్లాస్టరింగు మొదలయ్యేసరికి అడుగు వరస బస్తాల్లో సిమెంటు వేళ్లతో నలిపితే చితకని గడ్డలై ఉంది. పదకొండు బస్తాలు పక్కన పడేశాం. మీ ఇంటికి ప్లాస్టరింగు సిమెంటు కావాల్సి వచ్చేది ఆరో, ఏడో నెలలో. దాన్ని ఈ రోజు కొని ఎక్కడ దాస్తారు? ధర పెరుగుతుందన్న భయం గురించి ఒక మాట. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మీకు చెప్పిన 340 రూపాయలు కొత్త పన్నుతోనేనా అని అడిగి, 18 శాతం స్పష్టంగా కనిపించే బిల్లు తీసుకోండి.

పరిమాణాలు తేలాయి కనుక బడ్జెట్ చూద్దాం. 19 లక్షలకు, చీటీలో తక్కువ చూపిన సిమెంటూ ఇనుమూ కలిపి మరో అర లక్ష చేరుతుంది. మేస్త్రీ మాటలో అసలు లేనిది మెరక, అంటే మట్టి నింపి ఎత్తు పెంచడం. రోడ్డు కన్నా ఎత్తుగా ఉండాలని 3 అడుగుల బేస్‌మెంటు (నేల మీద నుంచి ఇంటి అడుగు వరకు లేపే ఎత్తు) పెట్టుకుంటే 3,000 ఘనపుటడుగులు నింపాలి. దిమ్మిస చేస్తే మట్టి అణుగుతుంది కాబట్టి 37 యూనిట్ల దాకా తోలించాల్సి వస్తుంది. బోరు, ప్రహరీ, గేటు, కరెంటు కనెక్షను, మెరక కలిపి మూడున్నర లక్షలు విడిగా పెట్టుకోమంటాను. ఇది 23 లక్షలు. అనుకోని ఖర్చులకు 8 శాతం చేర్చితే 25 లక్షలకు దగ్గరవుతుంది. మీ 7 లక్షలు, 14 లక్షల రుణం కలిపినా 21 లక్షలే. ఆ నాలుగు లక్షల లోటు స్లాబు వేశాక, తలుపులకూ టైల్స్‌కూ డబ్బు కావాల్సిన వేళ బయటపడుతుంది. అప్పుడు దిక్కు వ్యక్తిగత రుణమో, చేబదులో అవుతుంది, వాటి వడ్డీ గృహరుణం కన్నా చాలా ఎక్కువ.

అందుకే రుణం 18 లక్షలకు అడగండి. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే లక్షకు 868 రూపాయల చొప్పున నెల వాయిదా 15,600 అవుతుంది, మీరు చెప్పిన హద్దులోనే ఉంటుంది. మంజూరైనదంతా వాడుకోవాల్సిన అవసరం లేదు. పని ఎంతవరకు జరిగిందో చూసి బ్యాంకు విడతలుగా ఇస్తుంది, ఇచ్చిన మొత్తం మీదే వడ్డీ వేస్తుంది. బ్యాంకు రుణం లెక్కగట్టేది మీరు దాఖలు చేసే ఎస్టిమేటు మీద. 19 లక్షల ఎస్టిమేటు ఇచ్చి, మధ్యలో ఖర్చు పెరిగిందని మళ్లీ వెళ్తే పెంచుతారన్న హామీ లేదు. కాబట్టి దరఖాస్తుకు ముందే లైసెన్సు ఉన్న ఇంజనీరు చేత స్ట్రక్చరల్ డ్రాయింగు (పిల్లర్లు, బీములు, స్లాబుల కొలతలూ ఊచలూ చూపేది), ఏ పనికి ఏ సరుకు ఎంతో రాసిన పట్టిక చేయించండి. ఆయన రుసుమును ఖర్చుగా కాక ఇంటి పునాదిలో భాగంగా చూడమని మనసారా కోరుతున్నాను. నేను పైన వేసినది మీ ప్రశ్నకు జవాబు చెప్పడానికి సరిపోయే అంచనా. పని మొదలుపెట్టడానికి ఆ పట్టికే కావాలి.

బ్యాంకులు సాధారణంగా ముందు మీ వాటా ఖర్చు పెట్టమంటాయి. బేస్‌మెంటు వరకు, మెరకతో కలిపి, 4 లక్షల దాకా అవుతుందని నా అంచనా. ఆ పని మీ ఎఫ్‌డీల మీదే నడవాలి. 3 లక్షలు సిమెంటు, ఇనుము రూపంలో ఇరుక్కుపోతే కూలీలకు వారం వారం ఇవ్వడానికే ఇబ్బంది పడతారు. 2 లక్షల ఎఫ్‌డీలు రెండూ ఒకదాని తరువాత ఒకటి బేస్‌మెంటుకు వాడండి. 3 లక్షల దాన్ని చివరిదాకా ఉంచి, అందులో ఒక లక్షను ఆసుపత్రి అవసరానికని కదపకుండా పెట్టుకోండి. ఆ లక్ష సర్దుబాటు కావాలంటే ప్రహరీ ఈ ఏడాది ముందువైపు మాత్రమే కట్టి, కప్‌బోర్డులు వచ్చే ఏడాదికి వాయిదా వేయవచ్చు. సిమెంటులో, ఇనుములో మాత్రం కోత పెట్టవద్దు.

దుకాణదారుతో మళ్లీ మాట్లాడండి. మొత్తం 440 బస్తాలు, మూడున్నర టన్నులు ఆయన దగ్గరే కొంటామని, ప్రతి విడతకు ఆ రోజే డబ్బు కడతామని, అదే తగ్గింపు విడతలవారీగా ఇవ్వమని అడగండి. ఫుటింగులు, నిలబెట్టే పిల్లర్ల ఊచలు, ప్లింత్ బీములు కలిపి మొదటి విడతకు సుమారు 1.4 టన్నుల ఇనుము, 100 బస్తాల సిమెంటు చాలు, మొత్తం లక్షా ఇరవై వేలు. ఆ సిమెంటు కూడా రెండు దఫాలుగా, యాభయ్యేసి బస్తాలు దింపించుకోండి. చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో, పది వరసలకు మించకుండా పేర్పించి, పైన టార్పాలిన్ కప్పించండి.