గ్రెనడా రాజధాని సెయింట్ జార్జెస్ నుంచి రోజుకో దిక్కు

చిట్టీ,

ఫిబ్రవరిలో అమ్మానాన్నలు మీ కరీబియన్ దీవి గ్రెనడాకి వస్తున్నారని రాశావు, సంతోషం. నువ్వు పంపిన ప్లాను చూశాను. ఆనండేల్ జలపాతం, గ్రాండ్ ఎటాంగ్ సరస్సు, రమ్ము బట్టీ, తాబేళ్ల బీచి, అన్నీ ఒక్కరోజులోనే! దీవి పొడవు 34 కిలోమీటర్లే కదా అనుకుని ఉంటావు. మలుపు దాటితే మలుపు, ఎదురుగా హారన్ కొట్టుకుంటూ వ్యాను, ఆ రోడ్ల మీద కిలోమీటర్ల లెక్క పనిచెయ్యదు. మీ అమ్మకి అరకు ఘాట్ రోడ్డులోనే కడుపులో తిప్పుతుంది. రోజుకి ఒక్క దిక్కు చాలు. ఆరు, ఆరున్నరకల్లా చీకటి పడిపోతుంది కాబట్టి, ఇంటికి చేరే టైము ముందు రాసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకో.

తాబేళ్లని ప్లానులోంచి కొట్టెయ్. లెవెరా బీచిలో అవి గుడ్లు పెట్టడానికి వచ్చేది ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా, అదీ రాత్రిపూట, అనుమతి ఉంటేనే చూడనిస్తారు.

పడమటి తీరానికి శుక్రవారం పెట్టుకో. గ్వావ్ అనే ఊళ్లో జాజికాయలు ఏరి సిద్ధం చేసే స్టేషన్ తప్పకుండా చూపించు. మీ అమ్మ జాజికాయని పోపులపెట్టెలో తప్ప చూసి ఉండదు. పాత చెక్క కట్టడం, లోపలికి అడుగుపెట్టగానే వాసన గుప్పుమంటుంది. కాయల్ని నీళ్లలో వేస్తారు. మునిగినవి మంచివి, తేలినవి నూనెకి పోతాయి. ఆడవాళ్లు కూర్చుని చేత్తో ఏరుతుంటారు, గైడుని అడిగితే అన్నీ విప్పి చెబుతాడు. దారిలో ఎవరి పెరట్లోనైనా పగిలిన పండు కనిపిస్తే ఆగండి, గింజ చుట్టూ ఎర్రటి వలలా పచ్చి జాపత్రి ఉంటుంది. సాయంత్రం ఆ ఊళ్లోనే వీధి వీధంతా చేపలు కాలుస్తారు. నాన్న వదలడు, అమ్మ ముట్టదు. అందుకే ఆమె తినేదేదో డబ్బాలో పెట్టుకెళ్లు. పొద్దున బస్సులా తిరిగే 5 నంబరు రూటు వ్యానులో వెళ్లొచ్చు గానీ, రాత్రి తిరుగు ప్రయాణానికి మాత్రం కారు ముందే మాట్లాడు.

గ్రాండ్ ఎటాంగ్ మరో రోజు, 6 నంబరు వ్యాను. దిగాలంటే కప్పు మీద రెండు దెబ్బలు కొడితే ఆపుతాడు. అది అగ్నిపర్వతం నోట్లో నిలిచిన సరస్సు, 500 మీటర్లకి పైన. కింద ఎండ మండుతున్నా పైన చినుకులుంటాయి, స్వెట్టరు పెట్టు. అక్కడి మోనా కోతుల పూర్వీకుల్ని బానిసల ఓడల కాలంలో పశ్చిమాఫ్రికా నుంచి తెచ్చారు. చేతిలో అరటిపండు ఉంటే మాత్రం అది మీది కాదు. సెవెన్ సిస్టర్స్ జలపాతాల దాకా నడక, బురద, అమ్మ మోకాళ్లకి వద్దు. ఆనండేల్ అయితే దారి పొట్టిగా, చదునుగా ఉంటుంది. కాకపోతే టూరిస్టుల పెద్ద ఓడ రేవుకొచ్చిన రోజు అక్కడ జాతరే. ఏయే రోజులు ఓడలున్నాయో ముందు కనుక్కో.

ఉత్తరానికి మాత్రం డ్రైవరుతో కారు తీసుకో. బెల్మాంట్ ఎస్టేట్ అనే కోకో తోట శనివారం మూస్తారు, అందుకే మామూలు రోజే పెట్టుకో. కోకో గింజల్ని పులియబెట్టి, ట్రేలలో ఎండబోసి, వాటి మధ్య కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తూ తిరగేస్తారు, అది చూడాలి. అక్కడి నుంచి రివర్ ఆంట్వాన్. 1785 నుంచి నడుస్తున్న రమ్ము బట్టీ, ఇప్పటికీ నీటి చక్రంతోనే చెరకు ఆడిస్తారు. నాన్న ఒక సీసా కొనకుండా రాడు. అసలు రమ్ములో మద్యం 70 శాతం దాటుతుంది, విమానంలో ఎక్కనివ్వరు. 69 శాతంది అమ్ముతారు, అది ఇప్పించు.

భోజనం సంగతి. ఆయిల్ డౌన్ పేరుతో సీమపనస, చేమాకు, కొబ్బరిపాలు, పసుపు వేసి వండుతారు, చూస్తే మన కూరలాగే ఉంటుంది గానీ ఉప్పుచేపో మాంసమో ఉంటుంది. అక్కడ రోటీ అంటే లోపల కూర పెట్టి చుట్టి ఇస్తారు, కొంటే బంగాళదుంపదో శనగలదో అడుగు.

నాన్న దగ్గర మిలిటరీ డిజైన్ టోపీ ఉంది కదా, అది పెట్టెలోంచి తీయించు, అక్కడ మామూలు జనం అలాంటివి వేసుకోవడం చట్టవిరుద్ధం. బీచిలో చిన్న పచ్చ కాయలున్న మాంచినీల్ చెట్టు కింద వానకి నిలబడనివ్వకు, ఆకుల మీంచి కారే నీళ్లకే ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

ఆదివారం వ్యానులు అంతంతమాత్రం. ఆ రోజు గ్రాండ్ ఆన్స్ బీచిలో కూర్చోండి. కారు రేటు మాట్లాడేటప్పుడు ఈస్ట్ కరీబియన్ డాలర్లా, అమెరికా డాలర్లా అని ముందే తేల్చుకో. ఒక అమెరికా డాలరుకి 2.70 వస్తాయి, తేడా తక్కువేం కాదు.

పెద్దమ్మ