అటక మీద దొరికిన బ్లాక్‌ఫుట్ మళ్లీ పరిగెడుతుందా?

ప్రశ్న: నమస్తే సార్. మా నాన్న కువైట్‌లో ఉన్నప్పుడు 1988లో తెచ్చిన టమియా రిమోట్ ట్రక్కు, ఫోర్డ్ రేంజర్ బాడీతో ఉండే బ్లాక్‌ఫుట్, ఇల్లు సర్దుతుంటే అటక మీద దొరికింది. బ్యాటరీ మీద తెల్లటి పొడి, రిమోట్‌లో పెన్సిల్ సెల్స్ కారిపోయి పచ్చగా పట్టేసింది, టైర్లకి పగుళ్లు. ఒకసారి చార్జింగ్ పెట్టి చూద్దాం అంటున్నాడు మా తమ్ముడు. పెట్టొచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దండీ, మీ తమ్ముణ్ని కాస్త ఆగమనండి. ఆ 7.2 వోల్టుల నికెల్ కాడ్మియం ప్యాక్ పని అయిపోయింది, ఆ తెల్లపొడి క్షారం, చేతికి అంటితే మండుతుంది, గ్లౌజులేసుకుని తీసి ఈ-వేస్ట్ వాళ్లకిచ్చేయండి, చెత్తబుట్టలో మాత్రం వెయ్యకండి, కాడ్మియం విషం. రిమోట్‌లో కారినవి ఆల్కలైన్ సెల్స్ అయితే ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో ముంచి తుడవండి, మామూలు చవక సెల్స్ అయితే వంటసోడా నీళ్లతో. స్ప్రింగులు తళతళలాడేదాకా సన్న శాండ్‌పేపర్ రుద్దాలి.

తర్వాత మోటార్. 540 బ్రష్ మోటార్ అది, అంత తేలిగ్గా చావదు. ముందు వేలితో షాఫ్ట్ తిప్పి చూడండి, బిగుసుకుపోకుండా తిరిగితే విడిగా రెండు వైర్లకి 3 వోల్టులిచ్చి కాసేపు తిప్పండి, రెండు చివర్లా చుక్క మెషిన్ ఆయిల్, చుక్కంటే చుక్కే, కార్బన్ బ్రష్‌ల మీద పడితే మళ్లీ తంటా.

అసలు పేచీ వచ్చేది స్పీడ్ కంట్రోలర్‌తో. మీ బండిలో ఉండేది ఎలక్ట్రానిక్ కాదు, సర్వో, అంటే రిమోట్ చెప్పినట్టు తిరిగే చిన్న మోటార్, ఒక చిన్న చెయ్యిని తిప్పితే అది రాగి పట్టీల మీద జారుతూ మెల్లగా, మధ్యస్తంగా, ఫుల్‌గా కరెంటు వదుల్తుంది, మిగతాది తెల్లటి రెసిస్టర్‌లో వేడిగా పోతుంది. ఇన్నేళ్లకి ఆ పట్టీలు నల్లబడి ఉంటాయి, అందుకే బండి ఒకసారి కదిలి ఒకసారి కదలకుండా ఏడిపిస్తుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే చాలు, రెసిస్టర్ దగ్గర ఏ వైరూ తగలకుండా చూసుకోండి, అది కాలిపోయేంత వేడెక్కుతుంది.

గేర్‌బాక్స్‌లో గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటుంది. పెట్రోలుతో కడుగుతారేమో, ప్లాస్టిక్ పాడైపోద్ది. గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. ఆరాక ప్లాస్టిక్‌కి పనికొచ్చే గ్రీజు పలచగా రాయండి.

టైర్ల పగుళ్లు మళ్లీ అతుక్కోవు, ఎవరేం పూసినా సరే. కానీ ఈ మోడల్ 1986లో వచ్చి 2016లో టమియా మళ్లీ విడుదల చేసింది కాబట్టి కొత్తవి దొరుకుతాయి. పార్టులన్నీ సరిపోవు, వెనక డ్రైవ్ షాఫ్టులు కొత్తదాంట్లో మార్చారు, నంబరు చూసి కొనండి.

నన్నడిగితే బాడీకి రంగు మాత్రం వెయ్యొద్దు. ఆ స్టిక్కర్లు మీ నాన్నగారు అతికించినవే కదా.

ప్రశ్న: ఇలాంటి పాత బండికి లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వెయ్యొచ్చా సార్?
— ఇంకో పాఠకుడు, గుంటూరు

జవాబు: పాత మెకానికల్ కంట్రోలర్ ఉన్నంతకాలం వద్దు. లైపో సెల్ 3 వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది, ఆ కంట్రోలర్‌కి ఆపడం తెలీదు. నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ వేసుకోండి. లైపోనే కావాలంటే లో వోల్టేజ్ కటాఫ్ (వోల్టేజ్ పడిపోతే దానంతటదే ఆపేసేది) ఉన్న ఎలక్ట్రానిక్ కంట్రోలర్, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో (రిమోట్, రిసీవర్ సెట్) పెట్టించండి, తీసిన పాత సామానంతా ఒక కవర్లో కట్టి దాచండి, ఎప్పుడైనా అమ్మాలనుకుంటే కొనేవాళ్లు ముందు అదే అడుగుతారు.