70 లక్షల ఫ్లాట్‌కు మరో 7 లక్షలు: ఇందులో మీ వాటా ఎంత?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఓ పాత ఫ్లాట్ 70 లక్షలకు మాట్లాడుకుని 3 లక్షలు బయానా ఇచ్చాం. బ్యాంకు 56 లక్షలు ఇస్తానంది. బయానా పోను మిగిలిన 11 లక్షలు మా దగ్గర ఉన్నాయి. ఫ్లాట్ ఇంకా అమ్మేవారి తండ్రి పేరునే ఉంది, తల్లిదండ్రులిద్దరూ లేరు. అమ్మేవారి చెల్లెలి నుంచి రిలీజ్ డీడ్ (వాటా వదులుకుంటూ రాసే పత్రం) కావాలని బ్యాంకు లాయరు అంటున్నారు. ఆ ఖర్చు, రిజిస్ట్రేషన్, లాయరు ఫీజులు కలిపి ఇంకో 7 లక్షలు చూసుకోమని ఏజెంటు చెబుతున్నారు. అన్నీ మేమే పెట్టుకోవాలా? పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: ముందు ఆ 7 లక్షలను విడదీసి రాసివ్వమని ఏజెంటును అడగండి. ప్రభుత్వానికి కట్టేది, బ్యాంకుకు కట్టేది, అసలు అమ్మేవారే పెట్టుకోవాల్సింది అన్నీ ఒక్క ముద్దగా చేసి మీకు చెప్పారు.

పెద్ద మొత్తం రిజిస్ట్రేషన్‌దే. తెలంగాణలో సేల్ డీడ్‌పై స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి 7.5 శాతం. 70 లక్షలకు 5,25,000 రూపాయలు. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) ఛార్జీ దీనికి అదనం. ప్రభుత్వ మార్కెట్ విలువ మీ ధర కన్నా ఎక్కువగా ఉంటే దాని మీదే లెక్క కడతారు. ఇది కొనేవారి ఖర్చే. పైగా ఇంటి ధర 10 లక్షలు దాటితే ఈ ఖర్చులను ధరలో కలిపి లోన్ లెక్కించడానికి ఆర్‌బీఐ నిబంధనలు ఒప్పుకోవు. 20 శాతం చేతిలో ఉంటే చాలనుకున్నవారికి చివర్లో డబ్బు చాలకపోయేది ఇందుకే.

బ్యాంకు వైపు ముఖ్యమైనది దస్తావేజుల తాకట్టుకు రిజిస్టర్ చేసే ఎంఓడీటీ. స్టాంపు డ్యూటీ లోన్ మొత్తంపై 0.5 శాతం, అంటే మీకు 28,000. దాని రిజిస్ట్రేషన్ ఫీజు వేరు. ప్రాసెసింగ్ ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ, లీగల్, వాల్యుయేషన్ ఛార్జీలు ఆ తర్వాత. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త లోన్‌కు బ్యాంకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ (లోన్ ఛార్జీలన్నీ రాసిన కాగితం) ఇచ్చి తీరాలి. అందులో లేని ఛార్జీని మీరు స్పష్టంగా ఒప్పుకోకుండా వసూలు చేయకూడదు. ఆ కాగితం దగ్గర పెట్టుకుని ఒక్కో పద్దూ సరిచూడండి.

ఇక చెల్లెలి సంతకం. ఈ విషయంలో బ్యాంకు లాయరు మాటే సరైనది. తండ్రి వీలునామా రాయకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురికి కొడుకుతో సమాన వాటా ఉంటుంది, పెళ్లయినా సరే. ఆమె సంతకం లేకుండా కొంటే సగం ఫ్లాటే కొన్నట్టు. అయితే లోపం అమ్మేవారి టైటిల్‌లో, అంటే యాజమాన్య హక్కులో ఉంది కాబట్టి, దాన్ని సరిచేసే ఖర్చు కూడా వారిదే. రిలీజ్ డీడ్‌కు స్టాంపు డ్యూటీ పడుతుంది. దానికి బదులు మీ సేల్ డీడ్‌లోనే అన్నతో పాటు చెల్లెలినీ అమ్మేవారిగా చేర్చి సంతకం పెట్టిస్తే ఆ అదనపు డీడే అక్కర్లేదు. దీనికి బ్యాంకు లాయరు ఒప్పుకుంటారేమో ఈరోజే అడగండి. తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ మాత్రం ఎలాగూ కావాలి. ఆమె విదేశంలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి, అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఎన్ఆర్ఐ అయితే ఆమె వాటాపై కోయాల్సిన టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి మీరే ముందు కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మామూలు 1 శాతం కన్నా చాలా ఎక్కువ. ఆ లెక్క ఆడిటర్‌తో వేయించాకే డబ్బు ఇవ్వండి.

బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు భద్రత. మీకోసం సొంతంగా ఒక లాయరును పెట్టుకోండి. ఈ ఖర్చు తగ్గించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. వ్యక్తులు సొంత పనికి లాయరుకిచ్చే ఫీజుపై జీఎస్టీ లేదు. బిల్లులో వేస్తే ప్రశ్నించండి. అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌లో రెండు మాటలు రాయించండి: టైటిల్ లోపాలు సరిచేసే ఖర్చు, రిజిస్ట్రేషన్ రోజు దాకా ఉన్న ఆస్తి పన్ను, నీటి బిల్లు, సొసైటీ బకాయిలు అమ్మేవారివి; 60 రోజుల్లో పత్రాలు తేలకపోతే బయానా మొత్తం వెనక్కి. అగ్రిమెంటు ఇప్పటికే అయిపోతే, ఇవే మాటలతో అన్నాచెల్లెళ్లిద్దరి సంతకాలూ తీసుకుని సప్లిమెంటరీ అగ్రిమెంటు చేసుకోండి.

ధర 50 లక్షలు లేదా అంతకు మించితే 1 శాతం టీడీఎస్ ఉంటుంది. ఆ 70,000 అదనపు ఖర్చు కాదు, 70 లక్షల్లోదే. మీ 11 లక్షల నుంచి ఆ మేరకు తగ్గించి ఇవ్వాలి. బయానా ఇచ్చినప్పుడే దాని వంతు 3,000 కోయాల్సింది. కోయకపోతే వెంటనే సరిచేయండి, ఎందుకంటే కోత పెట్టిన నెల ముగిశాక 30 రోజుల్లో కట్టాలి, గడువు దాటితే రోజుకు 200 ఫీజు పడుతుంది. అమ్మేవారు ఇద్దరైతే ఇద్దరి పాన్‌లపై వేర్వేరుగా కట్టాలి.

మొత్తం మీద మీకు అదనంగా కావాల్సింది దాదాపు 6 లక్షలు. పర్సనల్ లోన్ వద్దు. హోమ్ లోన్ చేతికి రాకముందే కొత్త ఈఎంఐ మీ క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తే బ్యాంకు మంజూరు చేసిన మొత్తాన్ని తగ్గించవచ్చు. చెల్లెలి పత్రాలకు ఎలాగూ కొన్ని వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో ఎఫ్‌డీలు, పీఎఫ్ అడ్వాన్సు చూడండి. అయినా చాలకపోతే బంగారంపై అప్పు, అదీ బ్యాంకుకు చెప్పి. పాత పన్ను విధానంలో ఉంటే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజులను 1.5 లక్షల పరిమితిలో ఈ ఏడాదే మినహాయింపుగా చూపొచ్చు.