పత్తి చేలో పారాచూట్‌తో పడ్డ డబ్బా: విప్పొచ్చా?

పొద్దున్నే పత్తి చేలో ఎర్ర పారాచూట్, తాడు, దానికో తెల్ల డబ్బా కనిపించాయి, విప్పి చూడొచ్చా అని అడిగారు. పైనున్న గాలిని పరిశోధించడానికి బెలూన్‌కు కట్టి పంపిన డబ్బా అయి ఉంటుంది. విప్పకండి. మా ఇంట్లో ఒకసారి ఆ పని చేశారు.

మాది దేవరకొండ వైపు. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు మా కంది చెలకలో ఇలాంటిదే దిగింది. బాంబేమోనని ఎవరూ దగ్గరికి పోలేదు. మా చిన్నాయన మాత్రం కొడవలితో టేపు కోసేశాడు. లోపల జానెడు మందం థర్మోకోల్, మధ్యలో బ్యాటరీలు, చిన్న పంపు, సన్న గొట్టం, సీసాలో నీళ్లలాంటిదేదో. "ఇంతేనారా!" అని ఆ నీళ్లు గట్టు మీద పారబోశాడు.

మధ్యాహ్నం జీపులో వచ్చిన బెలూన్‌వాళ్లు తిట్టలేదు, కూర్చోబెట్టి చెప్పారు. అది పొటాషియం అయొడైడ్ ద్రావణమట. పంపు బయటి గాలిని అందులోకి పంపితే, ఓజోన్ ఎంత ఉంటే అంత కరెంటు పుడుతుంది. ఆ లెక్క రేడియోలో పైనుంచే కిందికి అందింది కాబట్టి బతికిపోయాం. థర్మోకోల్ ఎందుకంటే, మన నెత్తిన పదహారు, పదిహేడు కిలోమీటర్ల ఎత్తున చలి మైనస్ 80 డిగ్రీల దాకా ఉంటుంది. ఏమీ చుట్టకపోతే బ్యాటరీలు పనిచేయవు.

అన్ని డబ్బాలూ ఇలా రేడియోలో చెప్పేయవు. 2005 ఏప్రిల్ 20న హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) బెలూన్ కేంద్రం నుంచి లేచిన బెలూన్ 459 కిలోల పరికరాలు మోసింది. వాటిలో శుద్ధి చేసిన స్టీలు గొట్టాలు, వాటిని చల్లబరచడానికి 38 కిలోల ద్రవ నియాన్. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి పట్టుకొచ్చాయి. అందులో మూడు కొత్త రకాల బ్యాక్టీరియా దొరికాయి, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. అలాంటి గొట్టం మూత మా చిన్నాయన తిప్పి ఉంటే, దొరికేది మా చెలక దుమ్ములోని పురుగే!

బెలూన్ ప్లాస్టిక్ వేరేచోట పడుతుంది. దొరికినా ఆశపడొద్దు. మా అమ్మ గడ్డివాము మీద కప్పింది, క్యారీబ్యాగు కన్నా పలచన, వారం ఎండకే పీలికలైంది.

డబ్బా మీద కాగితం ఉంటుంది, ఆ నంబరుకు ఫోన్ చేయండి, లేదంటే పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. ముట్టకుండా సమాచారమిస్తే పారితోషికం కూడా ఇస్తారు. కొన్నింటిలో హై వోల్టేజీ ఉంటుంది. అరచేతిలో పట్టేంత డబ్బా అయితే వాతావరణ శాఖ రోజూ ఎగరేసే రేడియోసోండ్ (పైగాలి వేడి, తేమ కొలిచే చిన్న పరికరం) కావచ్చు, భయం లేదు. వాళ్లొచ్చేదాకా మేకలను అటు తోలకండి, ఆ తాడు కాళ్లకు చుట్టుకుంటే విడిపించడం మహా కష్టం.