రిబ్బన్ కట్ చేయలేని కల్వర్టుకు డబ్బెవరిస్తారు?

ప్రశ్న: విదేశాల్లో వాలంటీర్లు జీతం లేకుండా నడిపే పాత ఆవిరి రైళ్ళకు ప్రభుత్వాలు డబ్బు ఇస్తాయట కదా, అది సరైన పనేనా? మన రాయలసీమలో అలాంటిది ఒకటి మొదలుపెడితే ప్రభుత్వ సాయం దొరుకుతుందా?

మాది గుంతకల్లు. నాయన మీటర్ గేజి (పట్టాల మధ్య మీటరు వెడల్పుండే లైను) లోకో షెడ్డులో ఫైర్‌మ్యాన్‌గా, అంటే ఇంజినులో బొగ్గు వేసే మనిషిగా చేరి, బొగ్గింజిన్లు పోయాక డీజిల్ మీదికి మారి, అక్కడే రిటైరయ్యాడు. నేను ఉద్యోగం మీద మెల్‌బోర్న్ పోయి ఆరేళ్ళున్నాను. అందులో నాలుగేళ్ళు ఆదివారాలు అక్కడికి కాస్త దూరంలో ఉన్న ఒక చిన్న టూరిస్టు రైల్వేలో వాలంటీర్‌గా పనిచేశాను. దాని పేరు చెప్పను, ఎందుకంటే కింద వాళ్ళ మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది. ఇంకో మాట, మన రాష్ట్రంలో వాలంటీర్ అనగానే పొద్దున్నే పింఛను తెచ్చిచ్చిన మనిషి గుర్తొస్తాడు. ఇది అది కాదు, వీళ్ళకు గౌరవ వేతనం కూడా ఉండదు, పైగా ఏటా సభ్యత్వం రుసుం వీళ్ళే కట్టాలి.

ప్రశ్నకు జవాబు: ఇవ్వాలి. కాని ఇప్పుడిస్తున్న పద్ధతి సగం తప్పు, అది నా కళ్ళారా చూశాను.

మొదటిరోజు ఇంజిను ఎక్కిస్తారనుకుని పోయాను, ఫైర్‌మ్యాన్ కొడుకును కదా అని లోపల కొంచెం గర్వం కూడా. చేతికి పార ఇచ్చి పట్టాల పక్క కాలువలో పేరుకున్న ఆకులూ మట్టీ తీయమన్నారు. ఆ ఏడాదంతా అదే పని, మధ్యమధ్యలో పుచ్చిపోయిన స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా పరిచే దుంగలు, మార్చడం. అక్కడ చెక్క స్లీపర్లు రెడ్ గమ్ అనే యూకలిప్టస్ జాతి చెట్టువి (ఎర్రగా ఉంటాయి గాని మన కడప ఎర్రచందనం కాదులెండి), ఒక్కొక్కటి ఇద్దరు మోయాలి, నలభై దాటిన నడుము మూడో స్లీపరుకే మొరాయిస్తుంది. నాతో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది రిటైరైనవాళ్ళే. ఒకాయన ఆడిటర్, ఇంకొకాయన పాలవ్యాన్ డ్రైవర్, ఒకామె స్కూల్ టీచర్.

టికెట్ల మీద వచ్చే డబ్బు బొగ్గుకూ ఇన్సూరెన్సుకూ ఎలాగో ఒకలా సరిపోతుంది. సరిపోనిది ఎక్కడంటే బాయిలర్ దగ్గరా, వంతెనల దగ్గరా, పట్టాల కింద నీళ్ళు పోయే తూముల దగ్గరా. బ్రిటన్‌లో అయితే ఈ రైళ్ళ బాయిలర్‌కు సాధారణంగా పదేళ్ళే ఆయుష్షు లెక్కగడతారు. ఆ తర్వాత దాన్ని ఇంజిను మీదనుంచి దించి, ట్యూబులన్నీ పీకి, పరీక్ష చేసి, మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అంత పెద్ద మొత్తం ఒకేసారి ఒక చిన్న సంఘం దగ్గర ఎక్కడుంటుంది? ప్రభుత్వ సాయం నిజంగా అవసరమయ్యేది అక్కడ.

ఇక ఫిర్యాదు. నేనున్నప్పుడు మా రైల్వేకు ఒక గ్రాంటు వచ్చింది. ఊరంతా సంబరం. ఆ డబ్బుతో అద్దాల గోడలతో ఒక కొత్త బిల్డింగు కట్టారు, లోపల కాఫీ షాపు, ఒక నాయకుడొచ్చి రిబ్బన్ కట్ చేశాడు, ఫొటోలు పడ్డాయి. అదే సమయంలో మా ట్రాక్ గ్యాంగ్ వాళ్ళం లైను మధ్యలో ఉన్న ఒక పాత ఇటుక కల్వర్టు బాగుచేయడానికి రెండుసార్లు దరఖాస్తు రాశాం, రెండుసార్లూ రాలేదు. ఇచ్చేవాళ్ళ తప్పే అనను, మా కమిటీ కూడా కాఫీ షాపునే ముందు పెట్టింది, ఎందుకంటే వస్తుందని నమ్మకమున్నదాన్నే ఎవరైనా ముందు పెడతారు. మరుసటి చలికాలం వానకు ఆ కల్వర్టు కూలింది. సరిగ్గా స్కూలు సెలవుల్లో, అంటే ఏడాది ఆదాయంలో పెద్ద ముక్క వచ్చే రోజుల్లో, రైలు లేదు. అద్దాల బిల్డింగులో కూర్చుని కాఫీ తాగడానికి మాత్రం ఎవరూ రాలేదు. రైలు లేనిచోట కాఫీ ఎవరికి కావాలి?

అక్కడే పఫింగ్ బిల్లీ అని చాలా పేరున్న లైను ఉంది, 762 మిల్లీమీటర్ల గేజి. దాని కథ వింటే సాయం ఏ రూపంలో పనికొస్తుందో తెలుస్తుంది. 1953లో కొండచరియ విరిగి పట్టాల మీద పడితే ప్రభుత్వం ఆ లైను మూసేసింది. 1955లో జనం సంఘం పెట్టుకున్నారు. విరిగిపడ్డ చోటును తప్పించి పక్కనుంచి దారి వేయడానికి సైన్యంలోని ఇంజనీర్ల దళాలు వచ్చి పనిచేశాయి. అంటే ప్రభుత్వం చెక్కు ఇవ్వడం కంటే మనుషులనూ యంత్రాలనూ ఇచ్చింది, అదీ సంఘం చేతుల్లో కాని పనికి. 1962లో రైలు మళ్ళీ నడిచింది. లైను చివర ఉన్న గెంబ్రూక్ దాకా పూర్తిగా పోవడానికి 1998 వరకు పట్టింది! మధ్యలో 1977లో రాష్ట్రం చట్టం చేసి దాన్ని ఒక బోర్డు కింద పెట్టింది, కాని బండి మీద ఇప్పటికీ వాలంటీర్లున్నారు.

బ్రిటన్ దారి వేరు. వేల్స్‌లో టాలిలిన్ అనే పలకరాయి గనుల లైనును 1951లో వాలంటీర్లు చేతిలోకి తీసుకున్నారు, ప్రపంచంలో ఈ పద్ధతికి అదే మొదలు. తర్వాత తర్వాత అక్కడ పెద్ద డబ్బు పన్నుల్లోంచి కాకుండా నేషనల్ లాటరీ నుంచి రావడం మొదలైంది. అదే వేల్స్‌లో వెల్ష్ హైలాండ్ లైనును పట్టాలు పీకేసిన చాలా దశాబ్దాలకు మళ్ళీ వేశారు, మొత్తం 40 కిలోమీటర్లు. అందులో మొదటి భాగానికి లాటరీ సొమ్ములోంచి మిలీనియం కమిషన్ 43 లక్షల పౌండ్లు ఇచ్చింది, ఆ భాగానికి మిగతా డబ్బు సంఘమే కూడబెట్టుకోవాలి. పట్టాలు చాలాచోట్ల వాలంటీర్లే పరిచారు, ఇంజిన్లు దక్షిణాఫ్రికా నుంచి తెచ్చుకున్నారు, 2011లో పూర్తయింది. నాకు ఇందులో నచ్చేది ఆ షరతే. నీ వాటా చూపించు, అప్పుడు మా వాటా ఇస్తాం. మా రైల్వేలో కూడా దరఖాస్తులో వాలంటీర్లు పనిచేసిన గంటలకు కూలి కట్టి దాన్ని మా వాటాగా చూపించేవాళ్ళం. నేను పార పట్టిన ఆదివారాలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో డాలర్లయ్యాయి, నాయనకు ఫోన్లో చెబితే తెగ నవ్వాడు.

సరే, మన దగ్గరికి వస్తాను. నేను ఇక్కడికి తిరిగొచ్చాక బాగా అర్థమైందేమిటంటే మన సమస్య డబ్బు కంటే ముందున్నది. అక్కడ మూతపడ్డ లైను భూమి ప్రభుత్వానిదే, కాని సంఘానికి లీజు ఇస్తారు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో అయితే టూరిస్టు, హెరిటేజ్ రైల్వేల కోసం 2010లో విడిగా ఒక చట్టమే చేశారు. భద్రత పరీక్షలు పెద్ద రైల్వేకు ఉన్నట్టే వీళ్ళకూ ఉంటాయి, కాని ఇలాంటి సంఘం ఒకటుంటుందని చట్టానికి తెలుసు. మన దేశంలో ఆ జాగా లేదు. డార్జిలింగ్ రైలుకు 1999లో, నీలగిరికి 2005లో, కాల్కా-సిమ్లాకు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మూడూ ఇండియన్ రైల్వేసే నడుపుతుంది, నష్టమొచ్చినా మోస్తుంది. నీలగిరి ఇంజిన్లు పాతబడితే తిరుచ్చి పొన్మలై వర్క్‌షాపులో కొత్త ఆవిరి ఇంజిన్లే తయారుచేశారు. అభినందించాల్సిందే. కాని అందులో బయటివాడికి పని లేదు. మీరూ నేనూ పార పట్టుకుని పోతే గేటు దగ్గరే ఆపేస్తారు.

నేను పోయి చూశాను కూడా. మా వైపు ఒక చిన్న స్టేషన్లో సిగ్నళ్ళు లాగే పాత లివర్ల ఫ్రేము తుప్పు పట్టి మూలన పడుంది. ముగ్గురం కలిసి, ఇద్దరు రిటైరైన రైల్వే పెద్దమనుషులూ నేనూ, దాన్ని మా ఖర్చుతో శుభ్రం చేసి రంగేసి అదే స్టేషన్లో జనం చూసేలా నిలబెడతాం అని అర్జీ రాశాం. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపింది, ఆ ఆఫీసు మరో ఆఫీసుకు. ఎనిమిది నెలలకు అక్కడికి పోతే ఫ్రేము లేదు, స్క్రాప్ కింద వేలం వేశారని చెప్పారు. పైసా అడగలేదు మేము. అనుమతే అడిగాం.

నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో దొరబావి వంతెన సంగతి మీకు తెలిసే ఉంటుంది, 1880లలో మీటర్ గేజి కోసం కట్టింది. తొంభైల్లో పెద్ద లైను (బ్రాడ్ గేజి) వేసేటప్పుడు రూటు మార్చి దాన్ని వదిలేశారు. ఆ లైను మీద నాయన డ్రైవర్లతో కబుర్లు చెప్పుకుంటూ పోయిన రోజులున్నాయి, వంతెన మీద బండి నెమ్మదిస్తే ఫుట్‌ప్లేట్ (ఇంజినులో డ్రైవరు నిలబడే చోటు) మీదనుంచి లోయ చూసేవాళ్ళమని ఇప్పటికీ చెబుతాడు. అదే వేల్స్‌లో అయితే ఆ రోజే ఎవరో ఒకరు సంఘం పెట్టేవాళ్ళు. ఇప్పుడు అక్కడ రైలు అంటే అటవీ శాఖను కూడా ఒప్పించాలి, చుట్టూ పులులున్న అడవి, ఒప్పుకోకపోయినా తప్పుపట్టలేను.

"అనంతపురం జిల్లాలో తాగునీళ్ళకే దిక్కులేదు, నీకు పాతబండి కావలసొచ్చిందా" అని మా మేనమామే అడిగాడు, ఉగ్గాని బజ్జీ తింటూ. న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర పూర్తి జవాబు లేదు. బోర్లకు పెట్టాల్సిన డబ్బు రైలుకు పెట్టమని నేను అడగను. ఒకటి మాత్రం చెప్పాను. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహల్లో ఒకప్పుడు చెత్త పోసేవాళ్ళు. 1982-83లో జర్మన్లు వచ్చి లోపలంతా సర్వే చేశారు, ఆ తర్వాత స్థానికులు కొందరు దాన్ని కాపాడాలని ఏళ్ళ తరబడి వెంటపడ్డారు, 1999లో టూరిజం శాఖ తీసుకుంది, 2002లో జనానికి తెరిచారు. ఇప్పుడు బస్సుల్లో వస్తున్నారు. అక్కడ కూడా ముందు ఊరివాళ్ళు, తర్వాత సర్కారు. "గుహకు బొగ్గు అక్కరలేదు కదరా" అన్నాడు మామ. అదీ నిజమే.

కాబట్టి మీరు నిజంగా మొదలుపెట్టాలనుకుంటే, నా సలహా ఇంజిను దగ్గర మొదలుపెట్టొద్దు. ఇంజిను అడిగితే అందరూ నవ్వుతారు, లేదా ఎవరో నాయకుడు ఒక ఇంజినుకు రంగేయించి సర్కిల్లో దిమ్మె మీద నిలబెట్టి హెరిటేజ్ అయిపోయిందంటాడు. ముందు వాడకంలో లేని ఒక చిన్న స్టేషన్ బిల్డింగో గూడ్స్ షెడ్డో పదేళ్ళకు లీజు అడగండి. సంఘం రిజిస్టర్ చేయండి, రిటైరైన గ్యాంగ్‌మ్యాన్ ఇద్దరినీ ఫిట్టర్ ఒకర్నీ పట్టుకోండి, వాళ్ళు ఇంకో పదేళ్ళకు దొరకరు. పనిచేసిన ప్రతి గంటా పుస్తకంలో రాసి సంతకం పెట్టించండి. ప్రభుత్వాన్ని డబ్బు అడిగే రోజు వస్తే, ఆ పుస్తకం ముందు పెట్టి, పైకప్పుకూ కాలువలకూ అడగండి, కాఫీ షాపుకు వద్దు.

మేం ముగ్గురం గూడ్స్ షెడ్డు ఒకటి చూసుకున్నాం, పోయిన నెల మళ్ళీ అర్జీ పెట్టాం. ఈసారి ఫోటోలు తీసి, ప్రతి ఇనుప ముక్కకూ నంబరు వేసి జాబితా జతచేశాం, వేలం వేస్తే ఏది పోయిందో కనీసం తెలుస్తుందని.