సెన్సర్ బోన్లు కొనే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

విశాఖ ఆటోనగర్ గోడౌన్‌కి ఎలుకలు పట్టే 40 సెన్సర్ బోన్లు కొంటానని రాశావు. అన్ని వద్దు అల్లుడూ, ఎనిమిదో పదో చాలు.

సెన్సర్ బోనులో అదనంగా ఉండేది తలుపుకి చిన్న అయస్కాంతం, చట్రానికి రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరకొస్తే పనిచేసే స్విచ్). తలుపు పడగానే, బోన్ల సిగ్నల్ అందుకుని నెట్‌కి పంపే గేట్‌వే పెట్టె ద్వారా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. లోపల పందికొక్కు ఉందో, బోను ఖాళీగానే పడిందో దానికి తెలియదు. ఎలుకను పట్టేది మాత్రం ఎర, బోను పెట్టిన చోటు.

అందుకే ముందు మామూలు పని సరిగ్గా చెయ్యి. ఎలుక కొత్త వస్తువును అనుమానిస్తుంది. కాబట్టి నాలుగైదు రోజులు బోను బిగించకుండా ఎర మాత్రమే పెట్టు. తినడం మొదలుపెట్టాకే బిగించు. స్ప్రింగ్ ట్రాప్‌ని గోడకి అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకి ఆనేలా పెట్టాలి; ఎలుక గోడ పక్కనే నడుస్తుంది. ఎండు చేప ముక్క బాగా పనిచేస్తుంది కానీ మన ఉక్కపోతకి బూజు పడుతుంది, చీమలూ పడతాయి. రెండు మూడు రోజులకోసారి మార్చు. దీనికి ఏ సెన్సరూ సాయం చెయ్యదు.

ఇక సెన్సర్ ఎక్కడ? ఫాల్స్ సీలింగ్ పైనా, ర్యాకుల వెనకా, నిచ్చెన వేస్తే తప్ప చూడలేని చోట. అంతకన్నా ముఖ్యం, ప్రాణంతో పట్టే బోన్లకి. వేసవిలో రేకుల షెడ్డులో చిక్కిన జంతువు నీళ్లు లేక కొన్ని గంటల్లోనే చచ్చిపోవచ్చు. మధురవాడ వైపు, కంబాలకొండ అడవి అంచున ఉన్న గోడౌన్లలో ముంగిసో, పునుగు పిల్లో దూరవచ్చు. వాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మెసేజ్ రాగానే వెళ్లి చూడు. అలాంటిది పడితే చెయ్యి పెట్టకు, బోను మీద గోనె కప్పి అటవీ శాఖకి ఫోన్ చెయ్యి. కోతులకి మాత్రం వాళ్ల అనుమతి లేకుండా ఏ బోనూ పెట్టకు.

తేలిగ్గా కనిపించే నేల మీది 30 చోట్ల మామూలు బోన్లే ఉంచు. పొద్దున, సాయంత్రం ఒక్కోసారి తిరిగితే చాలు. జిగురు అట్టలు మాత్రం తీసేయ్. ఎలుక గంటల తరబడి విలవిల్లాడుతుంది, బల్లులూ పిట్టలూ అతుక్కుంటాయి. అది చూస్తే మనసు ఒప్పదు.

కొనేటప్పుడు ఒకటి గట్టిగా అడుగు: రోజుకోసారి "హాజరు" మెసేజ్ పంపుతుందా? పంపకపోతే, బ్యాటరీ అయిపోయిన బోనూ ఖాళీ బోనూ నీకు ఒకేలా కనిపిస్తాయి. ఎలుకలు లేవనుకుని నిద్రపోతావు, బస్తాలు కొరికేస్తాయి. హాజరు వేయని బోనుని ఆ రోజే వెళ్లి చూడు.

ఇనుప ర్యాకులు, రేకుల గోడలు సిగ్నల్‌ని మింగేస్తాయి. బోను పెట్టే చోటే, షట్టర్ మూసి, కర్రతో 10 సార్లు పడగొట్టి చూడు. ఒక్కసారి మెసేజ్ రాకపోయినా గేట్‌వేని జరుపు. సముద్రపు గాలికి బ్యాటరీ కొనలకి పచ్చగా చిలుం పడుతుంది. నెలకోసారి తుడిచి సిలికాన్ గ్రీజు రాయి. గేట్‌వేకి యూపీఎస్ పెట్టు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు కదా. అలాంటప్పుడు 40 బోన్లూ నడిచి చూడాల్సిందే, కాబట్టి ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద పటం గీసి గోడకి అంటించు.

చచ్చిన ఎలుకని, బోనుని గ్లౌజులు లేకుండా తాకకు. ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. మీ కుర్రాళ్లకి రబ్బరు గ్లౌజులు ఈ వారమే కొనిపెట్టు.

ఇట్లు,
మామయ్య