మెచ్చుకునేటప్పుడు 'వెరీ' ఎక్కడ, ఎంత?

చిరంజీవి అమ్మలుకు,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వు గచ్చిబౌలి ఆఫీసులో టీమ్ లీడ్‌వి అయ్యాక మొదటిసారి రాసిన అప్రైజల్ కామెంట్లు, అంటే నీ టీమ్ వాళ్ల పనితీరు మీద నీ అభిప్రాయాలు, చదివాను. మనస్ఫూర్తిగా మెచ్చుకున్నావు, సంతోషం. కానీ టీమ్‌లో అందరూ 'ఎక్స్‌ట్రీమ్లీ' మంచివాళ్లే అయితే, నిజంగా ఎక్కువ కష్టపడ్డది ఎవరో పైవాళ్లకి ఎలా తెలుస్తుంది? నాకు బాధ కలిగింది అక్కడే.

ముందు 'వెరీ ఎక్సలెంట్' తీసెయ్యి. గుడ్, హెల్ప్‌ఫుల్, కేర్‌ఫుల్ లాంటి గుణాల్లో ఎక్కువ తక్కువలు ఉంటాయి కనక వాటికి వెరీ నప్పుతుంది. ఎక్సలెంట్, పర్ఫెక్ట్ అప్పటికే పైమెట్టు మీద ఉన్నాయి. మరీ కావాలంటే ట్రూలీ, అబ్సల్యూట్లీ పెట్టొచ్చు గానీ, ఆఫీసు రాతలో ఎక్సలెంట్, పర్ఫెక్ట్‌లను ఒంటరిగా వదిలేస్తేనే హుందాగా ఉంటుంది.

ఒకబ్బాయి కోడింగ్ 'టూ గుడ్' అన్నావు. మన హైదరాబాదులో అది పెద్ద మెప్పే. బయటివాళ్లు మామూలుగా టూ అంటే హద్దు దాటిందనుకుంటారు. మాటల్లో సరే, అప్రైజల్‌లో వద్దు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది క్వైట్ (quite) అనే మాట‌తో. 'క్వైట్ గుడ్' అంటే అమెరికా మేనేజర్ చాలా బాగుందనుకోవచ్చు, లండన్ మేనేజర్ పర్వాలేదనుకోవచ్చు. అదే లండన్‌లో 'క్వైట్ బ్రిలియంట్' అంటే మాత్రం పూర్తి మెప్పు! రెండు దేశాల క్లయింట్లూ చదివే చోట ఆ మాట జోలికి పోకు. ఒకరి జీతం పెంపు దానిమీద ఆధారపడి ఉంటుంది.

హైలీ స్కిల్డ్, వైడ్లీ రెస్పెక్టెడ్, డీప్లీ కమిటెడ్ అంటారు. హైలీ గుడ్ అనరు. ఈ జతలకు గట్టి సూత్రమేమీ లేదు, చదవగా చదవగా చెవికి పడతాయి. అనుమానం వస్తే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం రాసిన లెర్నర్స్ డిక్షనరీలో ఉదాహరణ వాక్యాలు చూడు. కోఠి పాత పుస్తకాల దుకాణాల్లో వెతికితే దొరకవచ్చు, ఫోన్‌లోనూ ఉన్నాయి.

ఇక టెస్టింగ్ అమ్మాయి సంగతి. 'వెరీ వెరీ డెడికేటెడ్' అని ఊరుకున్నావు. రిలీజ్ రాత్రి పేమెంట్లు ఆగిపోతే తెల్లారేలోపు కారణం పట్టుకుందని నాకు ఫోన్‌లో ఎంత గర్వంగా చెప్పావు! అదే రాయి. డెడికేటెడ్ ఒక్కటి ఉంచి, దాని పక్కన ఆ రాత్రి ఆమె ఏం చేసిందో రెండు వాక్యాల్లో పెట్టు. అది చదివాక పైవాళ్లకి వెరీ అవసరం ఉండదు.

మిగతావి నెమ్మదిగా సరిచేద్దాం. ఆ అమ్మాయిది మాత్రం ముందు తిరగరాసి పంపు, సబ్మిట్ చేసేలోపు నేనూ ఒకసారి చూస్తాను.

మీ పెద్దనాన్న,
తార్నాక